చమురు ఊళ్లో కొత్త కాపురం: హ్యూస్టన్‌కు వచ్చే తెలుగువారికి

"చమురు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, జీతం బాగుంది, పడమటి శివారు కేటీ వైపు ఇల్లు చూస్తున్నాం, వెంటనే కొనేయవచ్చా?" అని హ్యూస్టన్‌కు కొత్తగా వచ్చే తెలుగువారు తరచుగా అడుగుతుంటారు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఉన్నవారికి జాగ్రత్తలు చెప్పడం ఎవరికీ ఇష్టంగా ఉండదు. అయినా ఈ ఊళ్లో స్థిరపడి, మంచి రోజులూ గడ్డు రోజులూ చూసినవాడిగా నేను చెప్పేది ఇది: తప్పకుండా రండి, చేరండి, కానీ ఇల్లు, పొదుపు, గ్రీన్‌కార్డు విషయాల్లో ఏ నిర్ణయమైనా చమురు ధర సగానికి పడిపోయే రోజును లెక్కలో పెట్టుకునే తీసుకోండి. ఆ రోజు ఎప్పుడు వస్తుందో పెద్ద కంపెనీల్లోని ఆర్థికవేత్తలు కూడా ముందుగా చెప్పలేకపోయారు, కానీ 1980ల నుంచి ఇప్పటిదాకా అది రాని దశాబ్దం లేదు.

1985 చివరలో బ్యారెల్ 30 డాలర్ల దగ్గర ఉన్న ధర 1986 వేసవికల్లా 11 డాలర్ల చేరువకు వచ్చింది. 1998 డిసెంబరులో మళ్లీ దాదాపు అదే స్థాయికి దిగింది. 2008 జులైలో 147 డాలర్లు తాకిన ధర, ఆ ఏడాది పూర్తయ్యేలోపే 30ల్లోకి జారింది. 2014 జూన్‌లో 107 డాలర్లు పలికిన అమెరికా ముడిచమురు 2016 ఫిబ్రవరిలో 26 డాలర్లకు చేరింది. 2020 ఏప్రిల్ 20న అయితే, కోవిడ్ వల్ల వాడకం పడిపోయి, ఓక్లహోమాలోని కుషింగ్‌లో నిల్వ చేసే ట్యాంకులు నిండిపోతున్న సమయంలో, మే నెలలో చమురు అందుకునే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే చమురు తీసుకుపొమ్మని అమ్మేవాడే ఎదురు డబ్బు ఇచ్చాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడానికి గుంటూరు మిర్చి యార్డు తెలిసినవారికి పెద్ద కష్టం ఉండదు. ఒక ఏడు మిర్చికి మంచి రేటు పలికితే మరుసటి ఏడు అందరూ మిర్చే వేస్తారు, పంట యార్డుకు వచ్చేసరికి రేటు ఉండదు. చమురులో ఆ ఒక్క ఏడాది ఆలస్యం కాస్తా చాలా ఏళ్లుగా సాగుతుంది. సముద్రగర్భంలో బావి తవ్వాలని నిర్ణయించిన రోజుకూ, దాని నుంచి చమురు వచ్చే రోజుకూ మధ్య చాలాసార్లు ఐదారేళ్లు పడుతుంది. ధర బాగున్నప్పుడు మొదలుపెట్టిన పనులన్నీ, వాడకం మందగించిన సమయంలో ఒక్కసారిగా ఫలితానికి వస్తాయి. అప్పటికే డబ్బు పోసేశారు కాబట్టి ధర పడినా ఎవరూ బావి ఆపరు. షేల్ (గట్టి రాతి పొరలను పగలగొట్టి తీసే చమురు) వచ్చాక ఈ ఆలస్యం నెలలకు తగ్గింది. కానీ షేల్ బావి మొదటి ఏడాదిలోనే తన ఉత్పత్తిలో సగానికి పైగా కోల్పోతుంది కాబట్టి, కొత్త బావులు తవ్వుతూ ఉంటేనే ఉత్పత్తి నిలుస్తుంది. తవ్వకం ఆపడం కూడా అంతే తేలిక. అందువల్ల ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం పెరిగింది. బేకర్ హ్యూస్ కంపెనీ వారం వారం ప్రకటించే అమెరికా రిగ్గుల (బావులు తవ్వే యంత్రాల) లెక్క 2014 శరదృతువులో 1,900 పైన ఉండి, 2016 మే నాటికి 404కు దిగింది. ఏ ఒక్క వారం అంకెకూ కంగారు పడనక్కరలేదు గానీ, ఆ లెక్క నెలల తరబడి ఒకే దిక్కుగా పోతుంటే మీ ఆఫీసులో ఎవరూ చెప్పకముందే మీకు సంగతి తెలిసినట్టే.

ఈ ఊరు అసలు దెబ్బ తిన్నది 1980లలో. ఆ కథ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ వినాలి. 1973లో అరబ్ దేశాల ఆంక్షలు, 1979లో ఇరాన్ విప్లవం ధరను పైకి ఎగదోసినప్పుడు, కార్ల ఫ్యాక్టరీల్లో పని పోయిన మిషిగన్ నుంచి సహా దేశం నలుమూలల నుంచీ జనం హ్యూస్టన్‌కు వచ్చారు. ధర ఇక పెరగడమే తప్ప తగ్గడం ఉండదన్న నమ్మకంతో బ్యాంకులు అప్పులిచ్చాయి, బిల్డర్లు అపార్ట్‌మెంట్లూ ఆఫీసు టవర్లూ కట్టారు. 1981 డిసెంబరులో అమెరికాలో 4,500కు పైగా రిగ్గులు పనిచేశాయి. ఆ సంఖ్య మళ్లీ ఎన్నడూ రాలేదు. 1982, 1987 మధ్య హ్యూస్టన్ 2 లక్షలకు పైగా ఉద్యోగాలు పోగొట్టుకుంది, అంటే ఊళ్లో ప్రతి ఎనిమిది ఉద్యోగాల్లో సుమారు ఒకటి. ఉద్యోగం పోయినవారు ఇల్లు అమ్ముదామంటే కొనేవారు లేరు, ఎందుకంటే కొనవలసినవారి ఉద్యోగాలూ అదే కారణంతో పోయాయి. అప్పు ఇంటి విలువను మించిపోయిన కుటుంబాలు తాళంచెవులను కవర్లో పెట్టి బ్యాంకుకు పోస్టు చేసి ఊరు విడిచి వెళ్లిపోయాయి. ఇళ్ల ధరలు పాత స్థాయికి రావడానికి దశాబ్దానికి పైగా పట్టింది. టెక్సాస్‌లోని పది పెద్ద బ్యాంకుల్లో తొమ్మిది దివాలా తీయడమో, బయటి బ్యాంకుల చేతుల్లోకి పోవడమో జరిగింది. "దేవుడా, ఇంకొక్క ఆయిల్ బూమ్ ఇవ్వు, ఈసారి దాన్ని వృథా చేయను" అన్న అర్థం వచ్చే స్టిక్కర్లు కార్ల వెనుక కనిపించేవి. చమురు పరిశ్రమలో అడుగైనా పెట్టని టీచర్లు, దుకాణదారులు, నర్సులు కూడా ఆ ఐదేళ్ల నష్టాన్ని మోశారు. పక్కవాడి కంపెనీ కష్టం నాదాకా రాదులే అనుకోవడం ఈ ఊళ్లో చెల్లదు.

ఆ తర్వాత టెక్సాస్ మెడికల్ సెంటర్, రేవు, రసాయన ఫ్యాక్టరీలు పెరగడంతో హ్యూస్టన్ ఆధారం కొంత విస్తరించింది. 2015, 2016లో పడమటి వైపు చమురు కంపెనీలుండే ఎనర్జీ కారిడార్‌లో ఆఫీసు అంతస్తులు సబ్‌లీజుకు వచ్చిన రోజుల్లోనే, తూర్పున బేటౌన్, పాసడీనా వైపు చవక సహజవాయువుతో నడిచే పెట్రోకెమికల్ ప్లాంట్ల నిర్మాణం జోరుగా సాగింది. అందువల్లే ఆ దెబ్బకు ఊరు మొత్తం కూలిపోలేదు. మీకు ఇందులో పనికివచ్చే విషయం ఉంది. ఒకే చమురు పరిశ్రమ అయినా తవ్వేవారికీ, పైపుల్లో పంపేవారికీ, శుద్ధి చేసేవారికీ కష్టకాలం ఒకేసారి రాదు. ముడిచమురు చవకైనప్పుడు రిఫైనరీకి కొన్నిసార్లు లాభం కూడా. మీకు వచ్చిన ఆఫర్ ఏ విభాగంలోదో, మీ ప్రాజెక్టుకు డబ్బు ఏ బడ్జెట్ నుంచి వస్తుందో ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగవచ్చు. బావుల అన్వేషణకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగానికీ, రిఫైనరీ నిర్వహణ వ్యవస్థ చూసుకునే ఉద్యోగానికీ జీతం ఒకటే కావచ్చు, భద్రత మాత్రం ఒకటి కాదు.

ధర పడినప్పుడు కోత ఏ వరుసలో వస్తుందో కూడా తెలిసి ఉండాలి. మొదట కంపెనీ కొత్త బావుల బడ్జెట్ తగ్గిస్తుంది, వెంటనే డ్రిల్లింగ్ సర్వీసు కంపెనీలు మనుషులను తీసేస్తాయి, తర్వాత ఇంజినీరింగ్ డిజైన్ సంస్థలు. మన ఐటీ కాంట్రాక్టర్లు ఈ వరుసలో చివర ఉంటారని చాలామంది అనుకుంటారు గానీ, వెండర్ ద్వారా పనిచేసేవారిని తీసేయడానికి కంపెనీకి పరిహారం ఇవ్వనక్కరలేదు, పెద్దగా ప్రకటన అక్కరలేదు, కాబట్టి వారు ముందు వరుసలోనే ఉంటారు. గురువారం దాకా పనిచేసిన బ్యాడ్జి శుక్రవారం ఉదయం పార్కింగ్ గ్యారేజీ గేటు దగ్గర ఎర్రలైటు చూపిస్తుంది. డెస్కు మీద ఉన్న పిల్లల ఫొటో, నీళ్ల సీసా అట్టపెట్టెలో తర్వాత కొరియర్లో వస్తాయి. ఆ ప్రభావం అక్కడితో ఆగదు. ఇంట్లో వండి కర్రీ బాక్సులు సరఫరా చేసే అక్కలకు ఆర్డర్లు తగ్గుతాయి, ఇంటి దగ్గర పిల్లలను చూసుకునేవారికి పిల్లలు తగ్గుతారు, డ్యాన్సు క్లాసుల ఫీజులు ఆగిపోతాయి.

చదువుకోవడానికి వచ్చేవారికి ఈ చక్రం మరీ క్రూరంగా తగులుతుంది. ధర వంద డాలర్లు దాటిన 2012, 2013లలో పెట్రోలియం ఇంజినీరింగ్ సీట్లకు విపరీతమైన గిరాకీ ఉండేది, ఆ పిల్లలు డిగ్రీ చేతికి తీసుకునేసరికి రిగ్గులు ఆగిపోయి ఉన్నాయి. ఓపీటీలో (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీద పనిచేసుకునే అనుమతి) ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండవచ్చు, సైన్స్, ఇంజినీరింగ్ వంటి డిగ్రీలకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు దొరికితే రెండూ కలిపి 150 రోజులు. ఏళ్ల తరబడి సాగే పరిశ్రమ చక్రాన్ని 90 రోజుల్లో ఎవరూ గెలవలేరు. కెమికల్ లేదా మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరి, ఎలెక్టివ్‌లుగా చమురు సబ్జెక్టులు తీసుకోమని నేను మన పిల్లలకు గట్టిగా చెబుతాను.

ఇక ఇంటి విషయం. మొదటి ఏడాది రెండేళ్లు అద్దెకు ఉండండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న మాట నిజమే, కానీ ఆ లోటు ఆస్తి పన్నులో తీరుతుంది. కొత్త సబ్‌డివిజన్లలో నీళ్లు, మురుగు పనులకు వేసే మడ్ పన్నుతో కలిపి ఏడాదికి ఇంటి విలువలో 2 శాతానికి పైగా కట్టవలసి రావడం మామూలు. ఉద్యోగం పోయినా ఆ నోటీసు రావడం ఆగదు. కేటీలో మీ ఇల్లు, ఎనర్జీ కారిడార్‌లో మీ ఉద్యోగం, 401కె పదవీవిరమణ ఖాతాలో మీ కంపెనీ షేర్లు, హైదరాబాదులో తెల్లాపూర్ ఫ్లాటుకు డాలర్ జీతంతో కట్టే ఈఎంఐ, ఈ నాలుగూ ఒకే బ్యారెల్ ధర మీద ఆధారపడుతున్నాయని ఒకసారి కాగితం మీద రాసుకుని చూడండి. 2001 డిసెంబరులో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ దివాలా తీసినప్పుడు, ఈ ఊళ్లోనే వేలమంది ఉద్యోగులు జీతాన్నీ, కంపెనీ షేర్లలోనే పెట్టిన పదవీవిరమణ పొదుపునూ ఒకే సమయంలో పోగొట్టుకున్నారు. కంపెనీ ఇచ్చే షేర్లు చేతికి అందగానే అమ్మి వేరే చోట పెట్టడం కంపెనీ పట్ల అవిశ్వాసం ఏమీ కాదు. కనీసం ఎనిమిది నెలల ఖర్చు బ్యాంకులో ఉన్నాకే డౌన్‌పేమెంట్ గురించి ఆలోచించండి. మీరు అమ్మవలసి వచ్చిన రోజున మీ సహోద్యోగులూ అమ్మకానికి పెడతారు కాబట్టి, ఆసుపత్రుల ఉద్యోగులు కూడా కోరుకునే ప్రాంతంలో కొనడం మేలు.

హెచ్‌వన్ (కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి దీనికంటే ముఖ్యమైనది వీసా గడువు. 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే రికార్డు) గడువు, ఏది ముందైతే అంతవరకే ఇక్కడ ఉండవచ్చు. పరిహారంగా ఇచ్చే సొమ్ము ఆ గడువును పెంచదు. ఆలోపు కొత్త సంస్థ పిటిషన్ దాఖలు చేస్తే దాఖలైన నాటి నుంచే పనిచేయవచ్చు. అది కుదరకపోతే హెచ్‌ఫోర్‌కో (హెచ్‌వన్ ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) విజిటర్‌కో మార్పు కోరాలి. భార్యకు హెచ్‌ఫోర్ మీద వర్క్ పర్మిట్ ఉంది కదా, ఆమె జీతంతో నెట్టుకొస్తాం అనుకునేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు: ఆ పర్మిట్ భర్త హెచ్‌వన్ మీదనే నిలబడి ఉంటుంది, అది పోతే ఇదీ నిలవదు. మీ హెచ్‌వన్ గడువు పూర్తికాకముందే తొలగించిన సంస్థ, మీరు స్వదేశానికి తిరిగి వెళ్లడానికి సముచితమైన ప్రయాణ ఖర్చు భరించాలని నిబంధన ఉంది. అడిగేవారే తక్కువ.

ఉద్యోగం నిలిచినవారికి కూడా కష్టకాలం గ్రీన్‌కార్డు రూపంలో తగులుతుంది. గత ఆరు నెలల్లో అదే ప్రాంతంలో, అదే తరహా పనిలో ఎవరినైనా తొలగించిన కంపెనీ కొత్తగా పర్మ్ (గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టు అయిన కార్మిక శాఖ ధ్రువీకరణ) దరఖాస్తు పెట్టాలంటే, తొలగించిన అమెరికన్ ఉద్యోగులకు ముందు ఆ అవకాశం చూపాలి. ఈ చిక్కు ఎందుకని చాలా కంపెనీలు పర్మ్‌నే ఆపేస్తాయి. అందుకే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. చేరిన రోజునే గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా అడగండి. ఐ-140 (మీ తరఫున కంపెనీ పెట్టే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదమై 180 రోజులు దాటితే, తర్వాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం నిలుస్తుంది, మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానం తెలిపే తేదీ) మీకే ఉంటుంది. బోనస్ కన్నా, హోదా కన్నా దీని విలువ ఎక్కువని నా అభిప్రాయం.

గల్ఫ్‌కు వెళ్లే మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అన్నదమ్ములకు ఈ చక్రం ఇంకా కఠినమైనది. 2016లో చమురు రాబడి తగ్గి సౌదీ ప్రభుత్వం చెల్లింపులు ఆలస్యం చేయడంతో, జెడ్డాలో నిర్మాణ కంపెనీల కార్మికులు నెలల తరబడి జీతాలు లేక, వేలమంది భారతీయులు క్యాంపుల్లో తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. మన కాన్సులేట్ ఆహారం పంచవలసి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి కుటుంబంతో ఉండే విదేశీయుల మీద, వారిపై ఆధారపడిన ఒక్కొక్కరికి నెలకు 100 రియాల్‌ల రుసుము మొదలై, ఏటా పెరిగి 2020కి 400 అయింది. ఎందరో భార్యాపిల్లలను ఇంటికి పంపేశారు. రెండు నెలల జీతం ఆగితే మూడో నెల కోసం ఎదురుచూడకుండా కాన్సులేట్‌కు ఫిర్యాదు చేయమని మీ ఊరివాళ్లకు చెప్పండి.

ఈమధ్య మరొక మార్పు వచ్చింది. అమెరికా ముడిచమురు ఉత్పత్తి రోజుకు 130 లక్షల బ్యారెళ్లు దాటి రికార్డు స్థాయిలో ఉన్నా, 2025లో షెవ్రాన్, కోనోకోఫిలిప్స్ వంటి సంస్థలు దాదాపు ఐదో వంతు సిబ్బందిని తగ్గిస్తామని ప్రకటించాయి. విలీనాలు, యంత్రాలు, బెంగళూరుకు తరలుతున్న పని కారణం. అంటే బూమ్ కాలంలోనూ లేఆఫ్ రావచ్చు. కాబట్టి ఐ-797 (వీసా ఆమోద) పత్రాలు, ఐ-140 ఆమోదం, పర్మ్ దరఖాస్తు ప్రతి, జీతం చీటీలు, అనుభవ ధ్రువపత్రాలు చేతికి వచ్చిన రోజే సొంత మెయిల్‌కు పంపుకుని, ఒక ప్రతి ముద్రించి ఇంట్లో పెట్టుకోండి. బ్యాడ్జి ఆగిన ఉదయమే ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా ఆగిపోతుంది.