కుంట పక్కన చౌక స్థలం: వెంటనే కొనవచ్చా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఉంటున్నాం. ఇల్లు కట్టుకోవడానికి ఊరి శివార్లలో ఒక స్థలం చూశాం. ధర తక్కువే కానీ, పక్క పొలంలోని కుంటలో న్యూట్లు (బల్లిలా కనిపించే ఉభయచరాలు) ఉండవచ్చని ఇరుగుపొరుగు వాళ్లు అంటున్నారు. గుంటూరులోని ఇంటి స్థలం అమ్మి దీన్ని వెంటనే కొనవచ్చా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. గుంటూరు స్థలాన్ని కూడా ఇంకా అమ్మకానికి పెట్టవద్దు.

మీ పొరుగువారి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన పీటర్‌బరో గోతుల్లో ఈ రోజు బ్రిటన్‌లోనే అతి పెద్ద గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ సమూహాల్లో ఒకటి బతుకుతోంది. నల్లటి గరుకు చర్మం, మచ్చలున్న నారింజ రంగు పొట్ట గల ఈ ఉభయచరం వసంతంలో నీటిలోకి దిగి, నీటి మొక్కల ఆకులు మడిచి ఒక్కొక్క మడతలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మాత్రం నేల మీదే, మొద్దుల కింద, కంచె మొక్కల మొదళ్లలో గడుపుతుంది. అందుకే కుంట పక్కవారిదైనా సమస్య మీదే అవుతుంది. న్యూట్లు ఉన్నాయేమో అని సర్వే చేసేవారు సాధారణంగా 500 మీటర్ల లోపు కుంటలన్నింటినీ లెక్కలోకి తీసుకుంటారు. 1981 నాటి వన్యప్రాణి చట్టం, 2017 నాటి ఆవాసాల నిబంధనలు ఈ జీవితోపాటు అది గుడ్లు పెట్టే, తలదాచుకునే చోట్లను కూడా కాపాడతాయి. వాటిని ఉల్లంఘిస్తే పరిమితి లేని జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. కుంటను గుట్టుగా పూడ్చేయమని ఎవరైనా సలహా ఇస్తే, చట్టం సంగతి అటుంచి, కుంటలు పోవడం వల్లే ఈ జీవి ఇంతగా తగ్గిపోయిందని గుర్తుంచుకుని ఆ మాట వినకండి.

మీ డబ్బుకు అసలు దెబ్బ కాలయాపన వల్ల తగులుతుంది. కుంటల సర్వేలు మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే చేస్తారు. నీటి నమూనాలో డీఎన్ఏ పరీక్షకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకే అవకాశం ఉంటుంది. జులైలో స్థలం కొన్నవారు వచ్చే వసంతం దాకా ఆగవలసి రావచ్చు. ఉదాహరణకు 1,50,000 పౌండ్ల అప్పుకు ఏటా 6 శాతం వడ్డీ అనుకుంటే, పది నెలలకు 7,500 పౌండ్లు వడ్డీకే పోతాయి. మీరు ప్రస్తుతం ఉంటున్న ఇంటి అద్దె దీనికి అదనం. ధరలో మీకు కనిపిస్తున్న తగ్గింపును ముందుగా ఈ లెక్కతో పోల్చి చూడండి.

న్యూట్లు ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టకూడదని కాదు. నేచురల్ ఇంగ్లండ్ (ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ) లైసెన్సు తీసుకుని, కంచె వేసి, నేలలో గోతి ఉచ్చులు పెట్టి న్యూట్లను పట్టి సురక్షితమైన చోటికి తరలించడం పాత పద్ధతి; దానికి చాలా వారాలు పడుతుంది. జిల్లా స్థాయి లైసెన్సు పథకం అమలులో ఉన్న ప్రాంతాల్లో ఒక రుసుము చెల్లిస్తే, ఆ డబ్బుతో న్యూట్లకు అనువైన మరోచోట కుంటలు తవ్వి నిర్వహిస్తారు. మీ ప్రాంతం ఆ పథకంలో ఉంటే ఒక్క ఇంటికి నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే చాలావరకు సర్వే కాలం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఖర్చు ముందే తెలుస్తుంది. కానీ ఆ రుసుము స్థలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఒప్పందానికి ముందే అంచనా అడిగి తెలుసుకోండి. లైసెన్సు ఉన్నా ప్లానింగ్ అనుమతి (ఇల్లు కట్టడానికి కావలసిన అనుమతి) వేరుగా తీసుకోవాలి.

అమ్మేవారితో, ప్లానింగ్ అనుమతీ లైసెన్సూ వచ్చాకే కొనుగోలు పూర్తయ్యేలా షరతులతో కూడిన ఒప్పందం సొలిసిటర్ (న్యాయవాది) చేత రాయించుకోండి. పాత సర్వే నివేదికలు ఉంటే అడగండి. షరతులకు వారు ఒప్పుకోకపోతే ఆ స్థలాన్ని వదిలేయండి.

గుంటూరు స్థలం అమ్మకం ఆ ఒప్పందం కుదిరాక మొదలుపెడితే చాలు. ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులు భారత్‌లోని తమ రాబడిని ఉంచుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు కాబట్టి పరిమితి మీకు అడ్డు రాకపోవచ్చు; పన్ను మాత్రం రెండు దేశాల్లోనూ లెక్కకు వస్తుంది, అందువల్ల అమ్మకానికి ముందే రెండు చోట్లా పన్ను సలహాదారులను కలవండి.