పిక్కల లెక్క ఫోన్‌లోకి

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా మావయ్య పలాసలో జీడిపిక్కలు కొంటారు. కిలో పిక్కలు కోయించి, మంచి పప్పు ఎన్ని గ్రాములో, మచ్చ పప్పు ఎన్ని గ్రాములో ఫోన్‌లో చెబుతారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో పైథాన్ ఫంక్షన్‌తో చూసి చెబుతాను. రోజుకు పది ఫోన్లు! దీన్ని వెబ్ ఏపీఐ (లింకు తెరిచి అంకెలిస్తే లెక్క కట్టి జవాబిచ్చే ఏర్పాటు) చేసి ఆయన చేతికిచ్చేదెలా?

జవాబు: నువ్వు పంపిన ఆరు లైన్లూ చూశాను. లెక్కలో తప్పు లేదు. మంచి పప్పుకు మచ్చ పప్పులో సగం కలిపి, 80తో హెచ్చవేసి, పౌనుకు 453.6 గ్రాముల చొప్పున భాగించావు. 270 మంచి, 20 మచ్చ అయితే 49.38 పౌన్లు.

గొడవంతా మొదట్లో ఉన్న ‘ఇన్‌పుట్’తో, చివర ఉన్న ‘ప్రింట్’తో. వాటిని అలాగే ఉంచావో, పలాసలో మావయ్య లింకు నొక్కితే పర్లాకిమిడిలో నీ ల్యాప్‌టాప్ నువ్వేదో టైపు చేస్తావని కాచుక్కూర్చుంటుంది. చేశావే అనుకో, జవాబు నీ తెర మీద పడుతుంది, ఆయనకు ‘నల్’ (ఏమీ లేదని) వెళ్తుంది. గ్రాములు రెండూ పారామీటర్లుగా (ఫంక్షన్‌కు బయటి నుంచి అందే విలువలుగా) తీసుకో, చివర ‘రిటర్న్’ రాయి. అసలు పని ఇదే.

ఆ తర్వాత ఫాస్ట్ఏపీఐ (ఫంక్షన్‌ను వెబ్ ఏపీఐగా మార్చే పైథాన్ లైబ్రరీ), యువికార్న్ (దాన్ని నడిపే సర్వర్) వేసుకో. కోడ్‌లో ‘యాప్’ ఒకటి తయారుచేసి, ఫంక్షన్ నెత్తిన ‘@యాప్.గెట్’ లైను, పారామీటర్ల పక్కన ‘ఫ్లోట్’ (దశాంశ సంఖ్య అని) పెట్టు. అంకె ఉండాల్సిన చోట అక్షరాలు కొడితే 422 అనే ఎర్రర్ కోడ్‌తో అదే తిప్పికొడుతుంది. అడ్రసు చివర ‘/డాక్స్’ చేరిస్తే గడులతో పేజీ వస్తుంది. మొదట్లో మావయ్యకు అదే చాలు.

ఫ్లోట్‌కు దొరకని తప్పు ఒకటుంది. మా గుణుపూర్‌లో ధాన్యం తూకాల లెక్క ఇలాగే పెట్టాను. ఒకాయన క్వింటాళ్ల గడిలో కిలోలు కొట్టాడు. బిల్లు వందింతలైంది. అందరూ నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. నీ లెక్కలో రెండు పప్పులూ కలిపి 100 గ్రాములకు తగ్గినా, 400 దాటినా ఒప్పుకోకు. 270కి బదులు 0.27 కొడితే అక్కడే ఆగిపోవాలి.

127.0.0.1 అడ్రసు మీద నడిపితే నీ ల్యాప్‌టాప్‌కే పలుకుతుంది. 0.0.0.0 పెడితే మీ ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లకూ అందుతుంది. పలాస దాకా వెళ్లాలంటే అద్దె సర్వర్ తీసుకోవడం మేలు. మీ ఇంట్లో కరెంటు పోయినా ఆయన లెక్క ఆగదు.

లింకు వాట్సాప్‌లో పదిమందికీ చేరుతుంది, దిగుబడి లెక్కే కాబట్టి పోనీలే. మావయ్య కొనే ధర కూడా అందులో కలిపేవు సుమా, ఏపీఐ కీ (తెలిసినవాళ్లకే తెరిచే రహస్య సంకేతం) పెట్టకుండా ఆ పని చెయ్యకు.