మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డ భరణం ఆగుతుందా?

బెంగళూరు నుంచి కొత్తగా డాలస్ వచ్చిన మనవాళ్లు ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న విషయమిది. విడాకులు బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో అయ్యాయి, పాప తల్లితో మారతహళ్లిలో ఉంటోంది, తండ్రి ఇక్కడ రెండో పెళ్లికి సిద్ధమవుతున్నాడు. "అన్నా, పాపకు పంపేది ఇక తగ్గించుకోవచ్చా?" అంటారు. లేదా, "ఆవిడే మళ్లీ పెళ్లి చేసుకుంది కదా, ఇంకా నేనెందుకు కట్టాలి?" అంటారు.

తమ్ముడూ, పెళ్లి నీదైనా ఆవిడదైనా బిడ్డ హక్కు మాత్రం పోదు. ముందు డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు రాసిచ్చిన తీర్పు కాగితం, తీసి చదువు. భార్యకు ఇంత, బిడ్డకు ఇంత అని విడిగా రాసి ఉంటే, ఆవిడ పెళ్లి తర్వాత ఆవిడ భాగం రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. బిడ్డను పోషించే బాధ్యత మాత్రం 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం కన్నవాళ్లిద్దరిదీ. సవతి తండ్రి స్కూల్ ఫీజు కట్టినంత మాత్రాన నీ బాధ్యత ఆయనకు పోదు. చట్టప్రకారం దత్తత జరిగితే అది వేరే సంగతి.

కొత్త సంసారంలో ఇంకో బిడ్డ పుడితే ఖర్చు పెరిగిన మాట నిజమే, కోర్టు దాన్ని చూస్తుంది. కానీ 2020లో రజనీశ్–నేహా భరణం కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో పెట్టాలి. డిక్రీ నాటికి నీది రూపాయల జీతం, ఇప్పుడు డాలర్లది. తగ్గించమని వెళ్తే పెంచమని ఆవిడ అడగొచ్చు. ఇక్కడి అద్దె, టాక్స్, ఇన్సూరెన్స్ కాగితాలు దగ్గర పెట్టుకుని, లాయర్‌తో మాట్లాడాకే అడుగు వెయ్యి. నీ అంతట నువ్వు ఆపేస్తే బకాయి పేరుకుంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 144వ సెక్షన్ కింద వచ్చిన ఆర్డరైతే, ఎగవేసినందుకు జైలు కూడా ఉంది.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి చెప్పకుండా ఈ భరణం సంగతి దాచేస్తున్నారు. పెళ్లైన రెండో నెలలో ఆ అమ్మాయి బ్యాంకు యాప్ తెరిచి, బెంగళూరు అకౌంట్‌కు వెళ్లిన ముప్పై వేలు చూసి "ఇదేంటి?" అని అడిగిన ఇల్లు నాకు తెలుసు. ఆ గొడవ డబ్బు గురించి కాదు, దాచినందుకు. పెళ్లిచూపుల్లోనే చెప్పు. డిక్రీ చేతికిచ్చి చదవమను. రేపు తల్లీబిడ్డా ఇక్కడికే వచ్చి కేసు టెక్సాస్‌లో నడిచినా, ఇక్కడి చట్టం కొత్త భార్య జీతాన్ని నీ ఆదాయంలో కలపదని కూడా చెప్పు. ఆ భయం ఉన్న అమ్మాయిలు చాలామందే ఉన్నారు.

పంపే డబ్బు డిక్రీలో రాసిన అకౌంట్‌కే పంపు. మామయ్య చేతికో, బావగారి చేతికో నగదు ఇప్పిస్తే రేపు కోర్టులో రుజువుండదు. రిమార్క్స్‌లో పాప పేరు, ఏ నెలదో రాసి, ఆ రసీదులన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచుకో.