ఫిలాసఫీ, జర్మన్ రెండూ కావాలంటే ఏది ముందు?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి గానీ ఇంజినీరింగ్ వద్దంటోంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫీ, విదేశీ భాష కలిపి ఒకే డిగ్రీగా ఉందట. తనూ అలా ఫిలాసఫీ, జర్మన్ చదువుతానంటోంది. జర్మన్ అక్షరం ముక్క రాదు. మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా? చదివాక ఉద్యోగం మాటేమిటి? ఐఏఎస్‌కైనా పనికొస్తుందా?

జవాబు: మీ అమ్మాయి చెప్పిన కోర్సు నిజంగానే ఉందండీ. పేరు ఫిలాసఫీ అండ్ మోడర్న్ లాంగ్వేజెస్, నాలుగేళ్లు. మొదటి ఏడాది నుంచే భాష, సాహిత్యంతో పాటు లాజిక్, నీతిశాస్త్రం చెబుతారు. మూడో ఏడాది మామూలుగా ఆ భాష మాట్లాడే దేశంలో గడపాలి. అయితే విదేశీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజే ఏడాదికి పదుల వేల పౌండ్లు. అంత స్తోమత, గట్టి స్కాలర్‌షిప్ రెండూ లేకపోతే దాన్ని ఒక నమూనాగా చూసి పక్కన పెట్టండి.

మన దగ్గర ఈ రెంటినీ సగం సగం కలిపిన డిగ్రీ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. రెండు మెట్లుగా చదవొచ్చు. అప్పుడు ఏది ముందన్నదే అసలు ప్రశ్న. నా సలహా: డిగ్రీ జర్మన్‌లో, పీజీ ఫిలాసఫీలో.

ఎందుకంటే, ఫిలాసఫీ ఎంఏకి చాలా యూనివర్సిటీలు ఏ డిగ్రీ చేసినవాళ్లనైనా తీసుకుంటాయి. జర్మన్ ఎంఏ అలా కాదు, భాష ముందే వచ్చి ఉండాలి. పైగా కాంట్, హెగెల్ లాంటి జర్మన్ తత్త్వవేత్తలను ఇంట్లో కూర్చుని సొంతంగా చదవడం మొదలుపెట్టొచ్చు, ఎంఏలో చేరాక లోతుకు వెళ్లొచ్చు. సున్నా నుంచి మొదలుపెట్టిన భాషకు మాత్రం ఏళ్ల తరబడి రోజూ క్లాసు, తప్పులు దిద్దే టీచరు, మాట్లాడటానికి తోటివాళ్లు కావాలి. ఫిలాసఫీ బీఏ చేస్తూ శని ఆదివారాల్లో జర్మన్ నేర్చుకుంటామనేవాళ్లలో చాలామంది ఏ2 దగ్గర ఆగిపోతారు. యూరప్ లెక్కలో భాషకు ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలు. తత్త్వశాస్త్రం మూలంలో చదవాలంటే సీ1 దగ్గరికి వెళ్లాలి.

ఎక్కడ? హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), ఢిల్లీ జేఎన్‌యూ. రెండింట్లోనూ జర్మన్‌లో బీఏ ఆనర్స్ ఉంది. జేఎన్‌యూలో అక్షరాల నుంచే మొదలుపెడతారు, కాబట్టి ఇప్పుడు రాదని బెంగ వద్దు. సీటు సీయూఈటీ (యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా. నోటిఫికేషన్ వచ్చాక ఏ యూనివర్సిటీ ఏ పేపర్లు అడుగుతోందో చూసి మరీ దరఖాస్తులో టిక్ పెట్టండి. ఒక్క పేపరు తప్పుగా ఎంచుకుని, మంచి స్కోరు ఉండీ సీటు పోగొట్టుకునే పిల్లలు ఏటా ఉంటారు. తర్వాత ఎంఏ ఫిలాసఫీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ ఉన్నాయి. ఉస్మానియాలోనూ ఫిలాసఫీ విభాగం ఉంది.

జర్మనీ మాటకొస్తే, అక్కడ మానవీయ శాస్త్రాల్లో రెండు సబ్జెక్టుల బ్యాచిలర్స్ మామూలే. గోటింగెన్‌లో, హైడెల్‌బర్గ్‌లో ఫిలాసఫీని ఇంకో భాషతో జత చేసుకోవచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఖర్చులకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, సొమ్ము చూపాలి. 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనన్న ధ్రువీకరణ) కూడా తప్పనిసరి. బోధన జర్మన్‌లోనే. మీ ఊళ్లో ఎమ్మెస్‌కు వెళ్లినవాళ్లు ‘ఏ1 చాలు’ అంటే నమ్మకండి, వాళ్ల కోర్సులు ఇంగ్లిష్‌లో నడుస్తాయి. అందుకే ఇంటర్ అయిన వెంటనే కాకుండా, ఇక్కడ డిగ్రీ చేసి, ఎంఏకి జర్మనీ వైపు చూడటం మేలనిపిస్తుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ముందు అన్నం పెట్టేది భాషే. హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల కార్యాలయాల్లో జర్మన్ వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది, బీ2 పైన ఉంటేనే. స్కూళ్లలో జర్మన్ టీచర్ పోస్టులూ ఉంటాయి. ఉత్త అనువాదం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఆ పనిలో పెద్ద భాగం యంత్రాలు లాగేసుకున్నాయి. ఫిలాసఫీలో ఎంఏ అయ్యాక నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. కాంట్ మీదో, నీషే మీదో పని చేయాలంటే అక్కడ తన జర్మన్ అక్కరకొస్తుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఇంకో దారి. వాదనను విప్పి చూసే అలవాటున్నవాళ్లు లాలో రాణిస్తారు.

ఐఏఎస్‌కు ఫిలాసఫీ ఆప్షనల్‌గా ఉంది, సిలబస్ చిన్నది. జర్మన్ సాహిత్యం ఇప్పుడు ఆప్షనల్స్ జాబితాలో లేదు. ఇక విదేశాంగ శాఖలో చేరినవాళ్లకు ఒక భాషను శాఖే నేర్పిస్తుంది కాబట్టి దానికోసమని ముందే జర్మన్ చదవక్కర్లేదు. సివిల్సే అసలు లక్ష్యమైతే ఇంత చుట్టు తిరగడం అనవసరం.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. ఇంటర్ పరీక్షలయ్యాక ఏ1 కోర్సులో చేర్పించండి, జర్మన్ నేర్పే హైదరాబాద్ గోథే సెంట్రమ్ ఆన్‌లైన్‌లోనూ చెబుతుంది. దాంతోపాటు ప్లేటో సంభాషణల్లో చిన్నదొకటి ఇంగ్లిష్‌లో చదివి, అందులో తనకు ఒప్పుకోబుద్ధికాని వాదన ఏదో ఒక పేజీలో రాయమనండి. ఎంపీసీ పిల్లలకు లాజిక్ సులువుగానే ఎక్కుతుంది, రాయడం దగ్గరే తడబడతారు. ఆ పేజీ మీరు అడక్కుండానే రెండోసారి తిరగరాస్తే సీయూఈటీకి ధైర్యంగా పంపండి. వేసవి అంతా గడిచినా రాయకపోతే, జర్మన్ ఒక్కటే ఉంచుకుని ఎకనామిక్స్ లాంటి డిగ్రీ గురించి మాట్లాడదాం.