నీతి పాఠంలో పుట్టిన అర్థశాస్త్రం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆడమ్ స్మిత్ కాలేజీలో చెప్పింది నీతిశాస్త్రం. మా పాఠ్యపుస్తకంలో మాత్రం అర్థశాస్త్ర పితామహుడు. మధ్యలో సబ్జెక్టు మార్చుకున్నాడా?
– బి.ఎ. విద్యార్థిని, నిడదవోలు

మార్చుకోలేదమ్మా. ఆ రోజుల్లో స్కాట్లండ్‌లో అర్థశాస్త్రం విడి సబ్జెక్టే కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్మిత్ 1752 నుంచి 1764 దాకా నైతిక తత్వశాస్త్రం చెప్పాడు. కొన్నేళ్ల ముందు అదే పీఠంలో ఆయన గురువు ఫ్రాన్సిస్ హచిసన్ ఉండేవాడు. పాఠం నాలుగు భాగాలు: మొదట దైవం గురించిన తర్కం, తర్వాత నీతి, ఆపైన న్యాయం, చివర రాజ్యం తన బాగు కోసం పెట్టుకునే నియమాలు, అంటే వర్తకం, పన్నులు, సైన్యం. రెండో భాగం 1759లో ‘ది థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్’ అయింది. నాలుగోది పెరిగి పెద్దదై 1776 మార్చి 9న ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’గా వచ్చింది. మూడోది కూడా రాస్తానని మాటిచ్చాడు గానీ పూర్తి చేయలేదు; చనిపోయే ముందు చేతిరాతలు చాలావరకు తగలబెట్టించాడు. ఆ భాగం మనకు దక్కింది విద్యార్థులు రాసుకున్న నోట్సు వల్లే. మొదటి నోట్సు 1896లో అచ్చయింది. పని పంచుకుంటే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో చెప్పే పేరుమోసిన గుండుసూదుల ఉదాహరణ అప్పటికే అందులో ఉంది.

ప్రశ్న: మొదటి పుస్తకంలో సానుభూతి అన్నాడు, రెండోదాంట్లో స్వలాభం అన్నాడు. రెండూ ఎలా పొసుగుతాయి?
– లెక్చరర్, కరీంనగర్

19వ శతాబ్దపు జర్మన్ పండితులకూ ఇదే అనుమానం వచ్చింది. 1764–66లో ఫ్రాన్సు వెళ్లొచ్చాక మనిషి మారిపోయాడని కొందరు తేల్చేశారు. తేదీలు చూస్తే ఆ వాదం నిలవదు. 1776 తర్వాత కూడా ఆయన మొదటి పుస్తకాన్ని దిద్దుతూనే ఉన్నాడు. బాగా పెంచిన ఆరో కూర్పు 1790లో, ఆయన పోయిన ఏడాదే వచ్చింది. మనసు మార్చుకున్నవాడు పాత పుస్తకానికి అంత చాకిరీ చేయడు.

తిరకాసంతా రెండో పుస్తకంలోని ఒక్క వాక్యంతో వచ్చింది. మాంసం కొట్టువాడు, బీరు కాచేవాడు, రొట్టెలవాడు మన మీద దయతో కాదు, తమ లాభం చూసుకునే మనకు తిండి అందిస్తున్నారన్నది దాని సారం. ఆ వాక్యం ఉన్న అధ్యాయం మనిషి స్వభావమంతటినీ తూచేది కాదు, మారకం ఎలా పుడుతుందో చెప్పేది. మనకు రోజూ ఎంతోమంది సాయం కావాలి. జన్మంతా తిరిగినా స్నేహం కుదిరేది కొద్దిమందితోనే. కాబట్టి ముక్కూ మొహం తెలియని వాడి దగ్గర బేరమే దారి. బేరమాడినంత మాత్రాన ఎవరూ దుర్మార్గులు కారు. స్వార్థమే లోకానికి మేలు చేస్తుందన్న మాట స్మిత్ కంటే ముందు తరం రచయిత మాండవిల్‌ది. స్మిత్ తన మొదటి పుస్తకంలోనే దాన్ని పేరుపెట్టి ఖండించాడు.

హద్దు ఎక్కడో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. సంపద కోసం జరిగే పరుగుపందెంలో ఎంత గట్టిగానైనా పరిగెత్తొచ్చు. పక్కవాణ్ణి తోసినా, పడేసినా చూసేవాళ్లు ఇక సహించరు. అదే పుస్తకంలో ఆయన ఊహించి రాసిన చైనా భూకంపం ముక్క సంగతీ ఇంతే. కోట్లమంది పోయారని విన్న యూరప్ పెద్దమనిషి నాలుగు మంచి మాటలు చెప్పి హాయిగా నిద్రపోతాడు. రేపు తన చిటికెనవేలు తీసేస్తారంటే కునుకు పట్టదు. చాలామంది ఇక్కడితో ఆపి, ‘చూశారా, మనిషి స్వార్థపరుడన్నాడు’ అంటారు. స్మిత్ ఆగలేదు. ఆ వేలు దక్కించుకోవడానికి అంతమందినీ బలిస్తాడా అని అడిగాడు. ఇవ్వడు. దయ అంత బలమైంది కాదు. ఆపేది లోపల కూర్చుని తీర్పు చెప్పే నిష్పక్షపాత ప్రేక్షకుడు. ఈ జవాబు లేకుండా ప్రశ్న ఒక్కటే చెప్పడం క్లాసుల్లో జరిగే పెద్ద పొరపాటు.

ప్రశ్న: స్వేచ్ఛా వర్తకం కావాలన్న స్మిత్ వడ్డీకి గరిష్ఠ పరిమితి ఉండాలన్నాడట, నిజమేనా? కౌటిల్యుడూ రేట్లు పెట్టాడంటారు.
– పాఠకుడు, తణుకు

నిజమే. అప్పటి బ్రిటన్‌లో ప్రభుత్వానికి 3 శాతానికి, గట్టి హామీ చూపిన ప్రైవేటు వాళ్లకు 4, 4½ శాతానికి అప్పు పుట్టేది. చట్టం పెట్టిన గరిష్ఠం 5 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి దాదాపు 42 పైసలు! అది సబబే అన్నాడు. పరిమితిని 8, 10 శాతానికి పెంచితే అంత వడ్డీకి ఒప్పుకునేది దుబారా మనుషులు, గాలిమేడలు కట్టే వ్యాపారులు మాత్రమే. దేశంలో అప్పిచ్చే డబ్బు చాలావరకు వాళ్ల చేతిలో పడి ఆరిపోతుంది. అలాగని పరిమితిని బజారు రేటు కంటే కిందికి దించితే అప్పులు ఆగవు, చట్టం తప్పే భయానికి కూడా వెల కలిపి అప్పిచ్చేవాడు ఇంకా ఎక్కువ గుంజుతాడు. ఇక్కడ ఆయనతో గట్టిగా పోట్లాడింది ఆంగ్ల తత్వవేత్త బెంథామ్, 1787లో. కొత్త పని తలపెట్టే వాళ్లందర్నీ దుబారాగాళ్ల గాటన కట్టొద్దన్నాడు. ఈ ఒక్క విషయంలో బెంథామ్ మాటే సరైందని మా అభిప్రాయం.

కౌటిల్యుడి లెక్క మనవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే అదీ నెలకు, నూటికే. ధర్మమైన వడ్డీ 1¼ పణం, అంటే రూపాయి పావలా వడ్డీ. వర్తకులకు 5, అడవి దారుల్లో తిరిగేవాళ్లకు 10, సముద్ర వర్తకులకు 20. ఏడాదికి 15, 60, 120, 240 శాతం అన్నమాట. ముప్పు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. అంతకు మించి వసూలు చేసినవాడికీ చేయించినవాడికీ జరిమానా, విని ఊరుకున్న సాక్షులకు అందులో సగం. స్మిత్ సాక్షుల జోలికి పోలేదు.

ప్రశ్న: ‘అదృశ్య హస్తం’ స్మిత్ ఎన్నిసార్లు వాడాడు?
– గ్రూప్స్ అభ్యర్థి, వరంగల్

‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఒక్కసారే, నాలుగో భాగం రెండో అధ్యాయంలో. వర్తకుడు తన పెట్టుబడి భద్రత కోసం స్వదేశంలోనే మదుపు పెట్టడం, తన లాభమే చూసుకున్నా తెలియకుండానే సమాజానికి మేలు చేయడం గురించి. 1759 పుస్తకంలో ఒకసారి, 1795లో వచ్చిన ఖగోళశాస్త్ర వ్యాసంలో ఇంకోసారి. ఆ మూడోది జూపిటర్ దేవుడి చెయ్యి, బజారుతో సంబంధం లేదు.

ప్రశ్న: అసలు పుస్తకం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– పాఠకురాలు, విజయనగరం

‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ మొదటి భాగంలో మొదటి మూడు అధ్యాయాలు చదవండి. గుండుసూదుల లెక్కను కాగితం మీద వేసుకోండి: 18 పనులు, 10 మంది, రోజుకు 12 పౌన్లు, పౌనుకు 4,000, మొత్తం 48,000, తలా 4,800. ఒంటరిగా చేస్తే ఒకడు 20 కూడా చేయలేడు. వెంటనే అయిదో భాగం మొదటి అధ్యాయంలో చదువు గురించిన చోటికి వెళ్లండి. జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులే చేసేవాడి బుర్ర మొద్దుబారిపోతుందనీ, పేదపిల్లల చదువుకు ప్రభుత్వం ఖర్చు పెట్టాలనీ అక్కడ రాశాడు. ఈ రెండూ కలిపి చదవకపోతే సగమే చదివినట్టు. తర్వాత కూలి గురించి మొదటి భాగం ఎనిమిదో అధ్యాయం, ఆపైన నాలుగో భాగంలో ధాన్య వర్తకం మీది చర్చ. బెంగాల్ కరువు ఘోరక్షామంగా మారడంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు బియ్యం వ్యాపారానికి పెట్టిన ఆంక్షలకూ బహుశా పాత్ర ఉందని అక్కడే అన్నాడు. అప్పటికే మన ఉత్తర సర్కారులూ చాలావరకు కంపెనీ కిందే ఉన్నాయి. మొదటి భాగం పదకొండో అధ్యాయంలో వెండి ధరల మీద చాలా పేజీల పక్కదారి ఉంది. చాలామంది పుస్తకం మూసేసేది అక్కడే. మొదటిసారికి దాన్ని నిరభ్యంతరంగా దాటేయండి.