క్రూయిజ్ బిల్లులోని గ్రాట్యుటీని తీసేయించవచ్చా?

మయామీ నుంచి కరీబియన్ క్రూయిజ్‌కు వెళ్తున్న మీ అమ్మానాన్నల ఖాతాలో మనిషికి రోజుకు ఇంతని గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికిచ్చే టిప్పు) పడుతోందని, దాన్ని తీసేయించి నచ్చినవారి చేతికే ఇస్తే మేలు కాదా అని అడిగారు. చాలా ఓడల్లో గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ వద్ద అడిగితే ఆ మొత్తాన్ని తగ్గిస్తారు, లేదా తీసేస్తారు. అయినా దయచేసి తీసేయించకండి.

ఆ సొమ్మును గది చూసుకునే స్టీవార్డుకు, భోజనం వడ్డించేవారికే కాక, ప్రయాణికుల కంటపడని సహాయక సిబ్బందికి కూడా పంచుతారు. ఈ ఓడలు ఎక్కువగా బహామాస్, పనామా వంటి దేశాల జెండాల కింద నమోదై ఉంటాయి కాబట్టి, అమెరికా రేవు నుంచే బయలుదేరినా వాటి సిబ్బందికి అమెరికా కనీస వేతన చట్టం వర్తించదు. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలంటుంది. అంటే 14 గంటల పనికి కూడా అందులో చోటుంది. నెలల తరబడి ఇంటికి దూరంగా అలా శ్రమించేవారిలో చాలామందికి టిప్పు అదనపు కానుక కాదు, సంపాదనలో ముఖ్యభాగం. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ ఆ భారం వారిపై పడకూడదు.

బార్ బిల్లులో సేవా రుసుము సాధారణంగా ముందే కలుపుతారు కనుక అక్కడ మళ్లీ ఇవ్వనక్కర్లేదు. ప్రత్యేకంగా ఆదరించినవారికి ఇవ్వడానికి అమ్మగారి దగ్గర కొన్ని చిన్న డాలరు నోట్లు ఉంచండి. గ్రాట్యుటీని మాత్రం బుకింగ్‌లోనే ముందుగా చెల్లించేయండి.