కాల్ ఆఫ్ డ్యూటీ పాత ఆట కొత్త భాగంలో ఎందుకు చెల్లదు?

కాల్ ఆఫ్ డ్యూటీ తుపాకులతో కాల్చుకునే వీడియో గేమ్. అందులో 2007 నాటి భాగం మోడరన్ వార్‌ఫేర్‌లో చేయి తిరిగినవాళ్లు తిరుపతి గేమింగ్ సెంటర్లలో 2024 భాగం బ్లాక్ ఆప్స్ 6 దగ్గర ఎందుకు తేలిపోతున్నారని కొందరు అడిగారు. తప్పు గురిది కాదు. కదలికే మారిపోయింది.

2005లో కాల్ ఆఫ్ డ్యూటీ 2 హెల్త్ ప్యాక్‌లు (తీసుకుంటే ప్రాణం పెరిగే పెట్టెలు) తీసేసి, చాటుకెళ్తే ప్రాణం తిరిగొచ్చేలా చేసింది. గోడచాటుకు విలువ అక్కడే పెరిగింది. 2007లో చావకుండా 3 కిల్స్ కొడితే యూఏవీ (శత్రువులను మ్యాప్‌లో చూపే డ్రోన్), 5కి ఎయిర్‌స్ట్రైక్, 7కి హెలికాప్టర్. దాంతో దాక్కుని కాచుకునేవాడికి లాభం. 2014లో ఎక్సో జంప్ (యంత్రపు సూట్‌తో గాల్లోకి ఎగరడం) వచ్చింది, 2017లో పోయింది.

2024 బ్లాక్ ఆప్స్ 6లో పరుగు, స్లైడ్ (నేల మీద జారడం), డైవ్ (దూకి పడటం) ఏ దిక్కుకైనా కుదురుతాయి. మూల దగ్గర తల ఎత్తున గురిపెట్టి కూర్చుంటే ఎదుటివాడు పక్కవాటంగా, నడుం ఎత్తులో జారుతూ వస్తాడు. మీ తూటాలు పైనుంచి పోతాయి. క్రాస్‌హెయిర్ (తెర మీది గురి గుర్తు) ఛాతీ ఎత్తుకు దించి, మూలకు కాస్త ఎడంగా పెట్టండి. మరీ అంచున పెడితే వాడు దాటిపోయాకే కాలుస్తారు.

స్లైడ్ చేయబోయి బోర్లా పడుతున్నారా? సెట్టింగ్స్‌లో ‘ట్యాప్ టు స్లైడ్’ పెట్టండి. సెంటర్‌లో సిస్టమ్ మారినప్పుడల్లా ముందు ఇదే చూడండి. ఆ తర్వాత ప్రైవేట్ మ్యాచ్‌లో బాట్స్ (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు) మీద పక్క స్లైడ్ ఒక్కటే సాధన చేయండి, డైవ్ సంగతి తర్వాత.